పాదానికొక బీడీ

నిజామాబాద్,
శుక్రవారం

బోధన్‌లో ఉన్న మా అవ్వకు నీ బిడ్డ నిఖిత దండాలు పెట్టి రాస్తున్నది. ఇక్కడ నా ఒంట్లో బాగానే ఉంది. అక్కడ నువ్వూ బాపూ బాగున్నారనే అనుకుంటున్నాను.

ఫోన్ చేయకుండా ఈ ఉత్తరమేమిటని కంగారు పడతావని తెలుసు. హాస్టల్ ఫోన్ దగ్గర నా వెనక లైన్‌లో నిలబడ్డ వాళ్లంతా చెవులు రిక్కించి వింటారు. నా దోస్తు ఆఫియా వాళ్ల నాన్న జాఫర్ చాచా ఈరోజే బోధన్ తిరిగి వెళ్తున్నాడు, ఆయన చేతికి ఇస్తున్నాను. దీన్ని నువ్వే కూడబలుక్కుని చదువు. పక్కింటి గోదావరక్కతో మాత్రం చదివించకు, సాయంత్రానికల్లా వాడంతా తెలిసిపోతుంది.

పోయిన ఉత్తరంలో నువ్వు అడిగినవి ముందు చెప్తాను. దగ్గు తగ్గింది. స్వెటర్ చేతులు పొట్టిగా ఉన్నా పనికొస్తుంది. నువ్వు పంపిన పల్లికారం అప్పుడే అయిపోయింది, అందులో సగం ఆఫియానే తిన్నది. బాపు చెరకు లోడు మీద వెళ్లినప్పుడు నిద్ర రాకుండా తంబాకు నములుతున్నాడని రాయించావు. నేను కోప్పడ్డానని చెప్పు.

ఇక పరీక్ష ఎట్లా రాశానని అడిగావు. దాని కోసమే ఈ ఉత్తరం.

ఇంగ్లీషు సాహిత్యం పేపరంటే నీకు తెలిసిందే కదా. పద్యాల మీద ప్రశ్నలిస్తారు, జవాబులో ఆ పద్యంలోని పాదాలను ఉన్నవి ఉన్నట్టు రాయాలి. పాదం లేని జవాబుకు మా పరమేశ్వర్ సార్ సగం మార్కులే వేస్తాడు. అందుకే సెలవుల్లో బీడీల చాట ముందు నీ పక్కన కూర్చుని, చుడుతూనే అన్నీ బట్టీ పట్టాను. ఆకు చేతిలోకి తీసుకుంటే మొదటి మాట, తంబాకు పోస్తే రెండోది, చుట్టేటప్పుడు మధ్యలోవి, మూతి మడిచి దారం బిగిస్తే పాదం పూర్తి. పాదానికొక బీడీ. పడవవాడి భార్య నది ఒడ్డున దీపం పెట్టే పద్యం చదివి అర్థం చెప్తుంటే నువ్వు చెయ్యి ఆపి, "గాలికి ఆరిపోదా? సుట్టూ ఏమన్న అడ్డం పెట్టిందా లేదా ఆమె?" అన్నావు. పద్యంలో అదంతా ఉండదని నేను నవ్వాను. "మరి గదేం పద్యమే" అన్నావు.

ప్రీఫైనల్‌లో ఆ పద్యమే వచ్చింది. ఎగిరి గంతేసినంత పని చేశాను. జవాబు సగం రాసి, పాదం దగ్గరికి వచ్చేసరికి పెన్ను పక్కన పెట్టాను. చేతులు వాటంతట అవే కదిలాయి. లేని ఆకును తీసుకుని, లేని తంబాకు పోసి చుట్టసాగాయి. పక్క బెంచీలో ఉన్న ఆఫియా, ఇదేం చేస్తున్నదని నా వేళ్ల వైపు చూసింది. మా ఖర్మ కొద్దీ, కాపలా ఉన్న బాపురావు సార్ మా ఇద్దరినీ చూశాడు.

"ఏందా సైగలు? ఏ వేలుకు ఏ జవాబు?" అని అరిచాడు.

"గుర్తు చేసుకుంటున్న సార్."

"చేతులతోనా గుర్తు చేసుకునేది? బెంచీ మీద పెట్టు. రాసుడు తప్ప మల్ల చెయ్యి కదిలిందో, పేపర్ గుంజుకుంట."

ఎడమ చెయ్యి బోర్లా పెట్టి, కుడిచేత్తో పెన్ను పట్టుకుని కూర్చున్నాను. ఒక్క పాదమూ రాలేదు అవ్వా. దీపం తెలుసు, పడవ తెలుసు, మాటలు మాత్రం రావు. ఆ జవాబు అట్లాగే సగంలో వదిలేసి కాగితం ఇచ్చి వచ్చాను.

సార్ దాన్ని కాపీ అని రాసి ప్రిన్సిపాల్ మేడమ్‌కు ఇచ్చాడు. కాపీ అని తేలితే ఇద్దరికీ సున్నా, ఇద్దరి హాస్టల్ సీట్లూ పోతాయి. జాఫర్ చాచా అందుకే పరుగెత్తుకొచ్చాడు. నన్ను పల్లెత్తు మాట అనలేదు. "నీకెరికైంది చెప్పు బేటా, అంతే చాలు" అన్నాడు. నాకు అదే కష్టంగా ఉండింది.

ఎందుకో నీకు చెప్పాలా? పిల్లలతో పని చేయిస్తున్నారని ఆఫీసర్లు వచ్చి మన వాడలో లింబయ్య ఇంట్లో చాట ముందర పిల్లను చూశాక, బీడీ కార్ఖానా వాళ్లు ఆ ఇంటికి ఆకు ఇవ్వడం ఆపేశారు. అప్పుడే నేను బీడీలు చేస్తానని ఎవరికీ చెప్పొద్దని నువ్వు నాతో ఒట్టు వేయించుకున్నావు. నన్ను ఇక్కడ చేర్చేటప్పుడు ఎవరూ అడగకముందే, "నా బిడ్డ సాట ముట్టది మేడం" అన్నావు. ఆ మాట కోసమే నేను నోరు మూసుకున్నాను. ఆఫియా నాతో మాట్లాడటం మానలేదు కానీ, అన్నం మానేసింది.

ఇప్పుడు చెప్పేదానికి కోపమొస్తే తిట్టు, పడతాను. నిన్న మధ్యాహ్నం మేడమ్ గదిలో నీ ఒట్టు తప్పాను. బీడీలు చేస్తానని, చేస్తూనే చదివానని చెప్పేశాను.

"ఏది, చదువు" అన్నది మేడమ్. చేతులు ఒళ్లో పెట్టుకుంటే నోరు పెగల్లేదు. చేతులు ఎత్తాను. పడవ పద్యం మొదటి నుంచి చివరి దాకా వచ్చేసింది. బాపురావు సార్ పుస్తకం తెరిచి పట్టుకుని, తప్పు దొరకక మూశాడు. అయినా ఊరుకోలేదు. "తర్వాత నేర్చుకున్న నాటకం మేడం ఇది. పిల్ల చాట ముట్టదని వాళ్లమ్మనే చెప్పింది కద" అన్నాడు.

మేడమ్ సార్ ఇచ్చిన కాగితం ముందుకు లాక్కున్నది. "మీ అవ్వను ఆదివారం రమ్మను. ఆమె ఏం చెప్తే గదే రాస్త" అన్నది. కార్ఖానాకు తెలుస్తుందా మేడమ్ అని అడిగాను. "నా నోటి నుంచి అయితే రాదు. కాగితం ఎవరెవరు చదువుతరో నేనెట్ల చెప్పాలె" అన్నది. అబద్ధం చెప్పి ధైర్యం ఇవ్వనందుకు ఆమె మీద కోపం వచ్చింది, గౌరవమూ కలిగింది.

నాకు భయంగా ఉంది అవ్వా. ఆకు ఆగిపోతే మన పొయ్యి ఎట్లా వెలుగుతుందో నాకు తెలియక కాదు. కానీ నువ్వొచ్చి అలవాటు కొద్దీ పాత మాటే అన్నావంటే, నా వేళ్ల వైపు చూసిన పాపానికి ఆఫియా పెట్టె సర్దుకుని ఇంటికి పోతుంది. మేడమ్ అడిగితే, "నా బిడ్డ నా పక్కనే కూర్చుని బీడీలు చేసింది" అని చెప్పు. తర్వాత ఏమొచ్చినా నువ్వూ బాపూ నేనూ ముగ్గురం కలిసి పడదాం.

ఇంకొక్క మాట. స్కూలుకు వచ్చిన ప్రతిసారీ నువ్వు నిమ్మచెక్కతో వేళ్లు మంట పుట్టేదాకా రుద్దుకుంటావు. అయినా తంబాకు మరక పోలేదని చేతులు కొంగులో దాచుకుని కూర్చుంటావు. నా పరువు కోసమేనని నాకు తెలుసు.

ఈసారి తోముకోకు. చేతులు ఎట్లా ఉన్నాయో అట్లాగే తీసుకొచ్చి మేడమ్ బల్ల మీద పెట్టు.

ఇట్లు,
ఆదివారం గేటు దగ్గరే నిలబడి ఉండే
నీ బిడ్డ
నిఖిత