జీళ్ళ కొంకి

ప్రత్తిపాడు, జనవరి

ప్రియమైన వెంకటేశ్వరమ్మకి,

ఫోన్లో నేను గొంతు చించుకున్నా నీకు వినబడదు గనక మళ్ళీ కాగితం పట్టాను. మీ అన్నయ్య పోయి నెల దాటింది. నేను ఇద్దత్‌లో ఉన్నాను, మొగుడు పోయినదాన్ని గనక నాలుగు నెలల పది రోజులు గడప దాటకూడదు. కిటికీలోంచి మిరపకాయల ట్రాక్టర్లు గుంటూరు యార్డుకి వెళ్తుంటే చూస్తాను, ఘాటుకి తుమ్ముతాను, మళ్ళీ మంచమెక్కుతాను. మంచానికెదురుగా గోడకి జీళ్ళ కొంకి. ఇన్నేళ్ళూ వేడి బెల్లప్పాకం ముద్దని దానికి తగిలించి లాగింది మేమిద్దరమే. ఇప్పుడది ఖాళీగా నన్నే చూస్తోంది.

మా కలీం ఎన్నడూ పాకం ముట్టినవాడు కాదు. ఫోన్ల కొట్టే వాడి లోకం. నేను జీళ్ళు లాగుతున్న పాత వీడియో ఒకటి ఫోన్లో పెట్టాడట. ‘మా చిన్నప్పటి జీళ్ళు’ అంటూ జనం తెగ రాశారట. ఇద్దత్ అయిపోగానే అమ్మ మళ్ళీ మొదలెడుతుందని అందరికీ మాటిచ్చేశాడు. నన్నడగలేదు. ఈలోపు తిరునాళ్ళలో ఏటా మనం జీళ్ళు అమ్మే చోటు పోతుందని వాడి బెంగ. తల ఊపాను.

నీ మస్తాన్‌బీ

చీరాల, ఫిబ్రవరి

ప్రియమైన మస్తానుకి,

నీ ఉత్తరం చదివి ఏడ్చాను. నేనంటే మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని బతికేదాన్ని, కదలకపోవడం నాకు అలవాటే. చిన్నప్పుడు బళ్ళో పంతులమ్మ నిన్ను ఒకచోట కూర్చోబెట్టలేక తల పట్టుకునేది. అట్లాంటిదానివి గదిలో ఎట్లా ఉంటున్నావే.

కలీం చేసింది మంచి పని. మా అబ్బాయి భావనారాయణ చిన్నప్పుడు జీడి ముక్క చూపిస్తేనే జ్వరం మందు మింగేవాడు. అది పళ్ళకి అంటుకుంటే నాలుకతో తీసుకుంటూ గంటసేపు మాట్లాడేవాడు కాదు, ఇల్లు ప్రశాంతంగా ఉండేది. ఇప్పుడు ప్లాస్టిక్ కాగితాల్లో వచ్చేవాటిలో బెల్లం వాసనే లేదు. నీ చేతి జీళ్ళు మళ్ళీ తినకుండా నేను చావను.

తిరునాళ్ళలో చోటు సంగతి నాకొదిలెయ్. నేనెళ్ళి కూర్చుంటాను. ఎవరు లేవమన్నా నాకెటూ వినబడదు.

నీ వెంకటేశ్వరమ్మ

ప్రత్తిపాడు, ఫిబ్రవరి

ప్రియమైన వెంకటేశ్వరమ్మకి,

ఆ మోకాళ్ళతో నువ్వు తిరునాళ్ళకి వెళ్ళొద్దు. చోటు పోతే పోనీ. మాటవరసకి అనడం లేదు.

ఇక్కడొక విచిత్రం జరిగింది. మీ అన్నయ్య పింఛను నా పేరుకి మారింది. సచివాలయంలో పనిచేసే శిల్ప ఇంటికొచ్చి వేలిముద్రకి మిషన్ మీద వేలు పెట్టమంది. నా వేళ్ళు పడవమ్మా, రేషన్ బియ్యానికి కూడా ఆయనే పెట్టేవాడు అన్నాను. పాకానికి కాలి కాలి నా వేళ్ళ గీతలు ఎప్పుడో పోయాయిగా. పెట్టి చూడండి అంది. మొదటిసారికే పడింది. ఆ అమ్మాయి వెళ్ళాక చెయ్యి కిటికీ వెలుతురులో పట్టుకున్నాను. సన్నగా గీతలు మొలిచాయి. చాలాసేపు చూసుకున్నాను.

నిన్న కలీం కొత్త బాణలి తెచ్చాడు. బాగుందా అమ్మా అన్నాడు. తలనొప్పిగా ఉందని అటు తిరిగి పడుకున్నాను.

నీ మస్తాన్‌బీ

చీరాల, మార్చి

ప్రియమైన మస్తానుకి,

వద్దన్నా తిరునాళ్ళకి వెళ్ళాను. పక్కన గాజులమ్మే ఆయన నా చాప పక్కకి లాగబోతే నేనూ లాగాను. జీళ్ళమ్మ రాలేదా అని నా చెవిలో ఎంతమంది అరిచారో. వాళ్ళమ్మ మీ జీళ్ళు కొంగున కట్టి తెచ్చేదని చెబుతూ ఒక పెద్దాయన కళ్ళు తుడుచుకున్నాడు. వచ్చే ఏడు తప్పకుండా వస్తుందని అందరికీ ఒట్టేసి చెప్పాను. చోటు నీదే.

కానీ మస్తానూ, నేను జీళ్ళ మాట ఎత్తితే నువ్వు వేళ్ళ మాట రాశావు. ఏదో దాస్తున్నావు. ఒంట్లో బాగుందా?

నీ వెంకటేశ్వరమ్మ

ప్రత్తిపాడు, ఏప్రిల్

ప్రియమైన వెంకటేశ్వరమ్మకి,

మొన్నటితో ఇద్దత్ అయిపోయింది. దాచిన మాట నిజమే. నీకు ఆ తీపంటే అంత ప్రాణం గనక రాయడానికి భయపడ్డాను.

నన్ను గదిలో పెట్టారని నువ్వు ఏడ్చావు. ఆయన పోయిన దుఃఖం దుఃఖమే, రోజూ ఏడ్చాను. కానీ ఇన్నాళ్ళూ పొయ్యి దగ్గరికి రమ్మని నన్నెవరూ పిలవలేదు. పెళ్ళయి ఈ ఇంటికొచ్చాక అట్లాంటి రోజులు నేనెరగను. మా అమ్మ పోయిందని కబురొచ్చినప్పుడు పాకం ముదురుతోంది. వదిలేస్తే అంతా రాయైపోతుంది. లాగి, కోసి, నువ్వుల్లో దొర్లించి అప్పుడు బయలుదేరాను. చీరాల చేరేసరికి మట్టి చేసేశారు. అమ్మ మొహం చివరికి ఎట్లా ఉందో నువ్వే నాకు చెప్పావు. ఆనాటి జీళ్ళు కూడా ఎవరి చిన్నతనంలోనో తియ్యగానే ఉండి ఉంటాయి.

మీ అన్నయ్య మంచివాడు. నాతోపాటే ఆయన చేతులూ కాలాయి. ఇష్టపడే లాగుతున్నావా అని ఆయన నన్నడగలేదు, నేనూ ఆయన్నడగలేదు.

నిన్న పొద్దున కలీం పొయ్యి వెలిగించి, వీడియోకి ఫోన్ నిలబెట్టాడు.

“నేనిక జీళ్ళు లాగనురా” అన్నాను.

“అందరికీ చెప్పేశానమ్మా. నాన్న పేరు పోతుంది” అన్నాడు.

అయినా రెండు చేతులూ వాడి ముందు చాపి, ఒకసారి పట్టుకుని చూడమన్నాను. వాడు నా చెయ్యి పట్టుకుని ఎన్నేళ్ళయిందో. అరిచేతుల్లో కాలిన మచ్చలు తడిమి చూశాడు. పొయ్యి కట్టేశాడు.

నీకు కోపమొస్తే రానీ. ఆ చోటు గాజులాయనకే ఇచ్చెయ్. శనివారం చీరాల బస్సెక్కుతున్నాను. ఎన్నాళ్ళుంటావని మాత్రం అడగొద్దు. పొయ్యి మీద ఏమీ వదలకుండా ఇల్లు కదలడం నాకు ఇదే మొదలు.

నీ మస్తాను