జరగలేదు మీద గీత

తమ్ముడికి, మీ అన్న రాసేది. అక్కడ అందరూ కులాసాగా ఉన్నారని అనుకుంటాను.

పదకొండేళ్ళ తర్వాత ఈ ఉత్తరం ఏమిటని నొసలు చిట్లించకు. పని పడింది, రాస్తున్నాను. ఎవరినీ బతిమాలకుండా నా చేత్తోనే రాస్తున్నాను కాబట్టి అక్షరాలు గీతలు దాటి పోతుంటాయి, సర్దుకుని చదువుకో. ఇన్నేళ్ళలో వేల పుస్తకాలు బైండింగు చేశాను, ఒక్కటీ చదవలేదు. ఆ సంగతి నీకు తెలిసిందే.

మన షాపులో పాత ట్యూబులైట్లన్నీ పీకేసి, కరెంటు తక్కువ తాగే ఎల్ఈడీ లైట్లు పెట్టించాలి. సగం ఖర్చు నగరపాలక సంస్థ భరిస్తుందట. మిగతా సగం నేను చూసుకుంటాను, నిన్ను పైసా అడగను. పుస్తకాలు కుట్టే ఇద్దరు ఆడవాళ్ళూ మధ్యాహ్నం దాటితే సూదిలోకి దారం ఎక్కించలేకపోతున్నారు. వాళ్ళలో పెద్దావిడ మొహం మీదే అనేసింది, "వెలుతురైనా పెట్టించండి, లేదంటే మమ్మల్నైనా మానిపించండి" అని. వాళ్ళు మానేస్తే షాపుకి తాళమే.

షాపు ఇంకా ఇద్దరి పేరు మీదే ఉంది గనుక నీ సంతకం లేకుండా వాళ్ళు కాగితం ముట్టుకోరు. ఫారం నేనే నింపాను. వెలుతురు చాలక ఎప్పుడైనా ప్రమాదం జరిగిందా అని అందులో ఒక ప్రశ్న ఉంది. కటింగు మిషను కింద నీ రెండు వేళ్ళు పోయిన రోజు ఏం జరిగిందో నీకూ తెలుసు, నాకూ తెలుసు. ఏది నిజమో దానికే కొట్టాను. దాని మీద మళ్ళీ పంచాయితీ వద్దు. కింద సంతకం పెట్టి పంపు. ఇరవయ్యో తారీఖు దాటితే తీసుకోరు.

ఇట్లు,
నీ అన్న


తమ్ముడికి,

ఫారం అందింది. సంతకం చూశాను. ఇదివరకు నీ రాత అచ్చు వేసినట్టుండేది. మిగిలిన వేళ్ళతో నువ్వు పెట్టిన సంతకం చూడటం ఇదే మొదలు.

నీ ఉత్తరం మాత్రం నాకు బోధపడలేదు. "అన్నయ్యా, ఇన్నాళ్ళకి ఒప్పుకున్నావు. నాకింకేమీ అక్కర్లేదు, నా మనసులో ఏమీ లేదు. ఆ కాగితం చూసి నీ మరదలు భోరున ఏడ్చేసింది" అని రాశావు. నేనేం ఒప్పుకున్నానురా? లైట్ల ఫారం చూసి ఎవరైనా ఏడుస్తారా? నేను అడిగానని తనకి చెప్పు. రేపు పొద్దున్నే ఆఫీసుకి వెళ్ళి కాగితం ఇచ్చేసి వస్తాను.

నీ అన్న


ఒరేయ్ చిన్నా,

ఇది నిలబడి చదవకు. కూర్చుని చదువు.

ఆఫీసులో ఫారాలు తీసుకునే అమ్మాయి నా కాగితం తిరగేసి, "తాతగారూ, వెలుతురు చాలక ప్రమాదం జరిగిందన్నారు. ఎప్పుడు జరిగింది?" అంది.

"జరగలేదనేగా కొట్టాను. కళ్ళు పెట్టి చూడమ్మా" అన్నాను.

"కొట్టలేదు తాతగారూ, కొట్టేశారు. జరిగింది, జరగలేదు అని రెండు మాటలూ అచ్చు వేసి, వర్తించనిది కొట్టివేయండి అని పైన రాసుంది కదా. మీరు జరగలేదు మీద గీత పెట్టారు. ఇక మిగిలిందేంటి?"

వెనక వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు. నిజమైన దానికి టిక్కు కొట్టమన్నారేమో అనుకున్నాను నేను. టిక్కు అయితే చిన్నగా ఉంటుంది, ఆనదేమోనని బారుగా గీత లాగాను. మీ ఇంట్లో ఎందుకు ఏడ్చారో అప్పుడు తెలిసింది.

ఆ పిల్ల మంచిదే. గొంతు తగ్గించి, "ఇలాగే ఉంచితే విచారణకి మనిషి వస్తాడు. తప్పు యజమానిదని తేలితే నగరపాలక సంస్థ ఇచ్చే సగం రాదు. పక్కన సరిదిద్ది పొట్టి సంతకం పెట్టేయండి, అయిపోతుంది" అని పెన్ను నా చేతిలో పెట్టింది.

పెన్ను పట్టుకుని అలాగే నిలబడ్డాను. "తాతగారూ, వెనక జనం ఉన్నారు" అని రెండుసార్లు అంది.

నీకు తెలియనిది ఒకటుంది, విను. ఆ వారం ముందుగదిలో లైటు మాడిపోయింది. బేరానికి వచ్చేవాళ్ళ ముందు పరువు పోతుందని కటింగు మిషను పైనున్న ట్యూబు నేనే పీకి ముందుగదిలో బిగించాను. "అన్నయ్యా, కత్తి అంచు ఆనడం లేదు" అని నువ్వు అడిగావు. "కళ్ళద్దాలు పెట్టుకో" అన్నాను. ఇంతవరకు నీకూ గుర్తుండే ఉంటుంది. తెలియనిది తర్వాతది. నిన్ను ఆసుపత్రిలో లోపలికి తీసుకెళ్ళగానే నేను షాపుకి పరిగెత్తుకొచ్చి, ఆ ట్యూబు తీసి మళ్ళీ మిషను పైన పెట్టేశాను. నేల మీద నీ నెత్తురు ఇంకా ఆరలేదు. చూడటానికి వచ్చినవాళ్ళందరికీ లైటు వెలుగుతూనే కనిపించింది. "ఇంత వెలుతురులో వేళ్ళు కోసుకున్నాడు, ధ్యాస ఎక్కడుందో" అని వచ్చిన ప్రతివాడికీ చెప్పాను. నువ్వు చీకటి, చీకటి అని ఎంత మొత్తుకున్నా, మందు మత్తులో వాగుతున్నావనుకున్నారు. నీ పెళ్ళామే నమ్మలేదు. చివరికి నువ్వే నా దగ్గరికొచ్చి, "అన్నయ్యా, నిజంగా లైటు ఉందా ఆ రోజు?" అని అడిగావు. ఉందన్నాను. ఆ మర్నాడే నువ్వు ఊరొదిలి వెళ్ళిపోయావు.

మొన్న నీకు రాసినప్పుడు కూడా అబద్ధాన్నే నిజమని రాశాను. తెలిసే రాశాను.

పెన్ను ఆ అమ్మాయికి తిరిగిచ్చేశాను. "సరిదిద్దలేదేం?" అంది. "గీత సరిగానే పడింది, తీసుకో" అన్నాను. నా మొహం వంక ఒకసారి చూసి, ముద్ర కొట్టి లోపల పెట్టుకుంది. విచారణ మనిషి గురువారం పదింటికి షాపుకి వస్తాడు. నేను చెప్పేదంతా చెబుతాను. సగం రాకపోతే నా దగ్గరున్న దాంతో కుట్టేవాళ్ళ బల్ల మీద రెండు లైట్లు పెట్టిస్తాను. మిగతా గది నా బతుకులో అవుతుందో లేదో. పెద్దావిడకి సంగతి చెప్పాను. "ఇదేదో అప్పుడే చెప్పి ఏడవలేకపోయారా" అని లేచి వెళ్ళి తన పని చూసుకుంది. మానేస్తానని మాత్రం అనలేదు.

నీ ఉత్తరం దీంతో పాటే తిప్పి పంపుతున్నాను. నేను ఒప్పుకున్నానని నమ్మి రాశావు. నేను ఒప్పుకోలేదు, చదవడం చేతకాక గీత కొట్టాను. అలా వచ్చిన మాట నేను ఉంచుకోకూడదు. ఇదంతా చదివాక కూడా నువ్వు, మరదలు అదే మాట అనగలిగితే ఆ ఉత్తరాన్నే మళ్ళీ పోస్టు చెయ్యి. అనలేకపోతే చింపెయ్. నీ గుమ్మంలోకి వచ్చి ఎందుకని అడగను.

అన్నయ్య