ముడుచుకున్న పగడం

రాజమండ్రి,
19-1-2001, శుక్రవారం.

చిరంజీవి సౌభాగ్యవతి కౌముదికి,

మీ అమ్మమ్మ మాణిక్యాంబ ఆశీస్సులు. ఇక్కడ నేనూ, పనిచేసే సూరమ్మా క్షేమం. విశ్వనాథ్‌ని అడిగానని చెప్పు.

ముందుగా ఒక దిద్దుబాటు. నువ్వు నాకు అప్పగించిన తొట్టెలో పగడం గురించి నిన్న ఫోన్లో, అది చచ్చిపోయింది కదూ అన్నావు. తప్పు. ముడుచుకుందని నేను చెప్పాను. ముడుచుకోవడం వేరు, చావడం వేరు. జువాలజీ లెక్చరర్‌వి, ఈ తేడా రిటైరైన సైన్సు టీచరు చెప్పాలా? అంతటితో ఊరుకున్నావా, నా దగ్గర ఏదీ నిలవదమ్మమ్మా అని ఫోను పెట్టేశావు. అప్పట్నుంచి నాకు అన్నం సయించడం లేదు. డాక్టరమ్మ మంచం దిగొద్దంది గాని, మంచం మీద పడుకుని ఇలాంటి సిద్ధాంతాలు చెయ్యమనలేదు. రెండుసార్లు కడుపు పోయిన మాట నిజమే. ఇప్పుడు ఆరో నెల. తొట్టెలో జంతువుకీ నీ కడుపుకీ సంబంధం ఉందని ఏ పుస్తకంలో చదివావు?

జరిగింది వరసగా చెబుతాను. పదో తారీఖు పొద్దున తొట్టెలో నీళ్ళు ఇరవై ఏడు డిగ్రీల నుంచి ఇరవైకి దిగిపోయాయి. కరెంటు పోయి హీటరు ఆగిందన్నాను. కరెంటు పోతే ఒక్క పూటలో ఏడు డిగ్రీలు ఎలా పడతాయని అడిగావు. ఆ లెక్క తర్వాత చూద్దాం. గొడుగులా విప్పారి ఉండేది కాస్తా గంటలో ఒంటినిండా పూసినట్టుండే ఆ సన్నపూలన్నీ లోపలికి లాక్కుని, నీళ్ళు తగిలిన అప్పడంలా ఒక పక్కకి వాలిపోయింది. ఇదేంటండి అమ్మగారూ, చెప్పు తోలులా అయిపోయింది అంది సూరమ్మ. దాన్ని తోలు పగడమనే అంటారే అన్నాను.

అల్మరాలో నీ నోట్సు తీశాను. దస్తూరీ కోడి గెలికినట్టున్నా చదివాను. తొందరపడి వేడెక్కించొద్దు, చలి చంపనిదాన్ని ఆ వేడి చంపుతుంది అని రాశావు. అప్పటికే సూరమ్మ బిందెడు నీళ్ళు మరిగించింది. వాటితో నేను స్నానం చేశాను. హీటరు చక్రం ఆరు గంటలకో డిగ్రీ చొప్పున తిప్పితే మర్నాటి సాయంత్రానికి ఇరవై ఆరుకి వచ్చింది. లైటు సగం తగ్గించాను. నీళ్ళు తిప్పే పంపు ఆపలేదు. పగడాన్ని ముట్టుకోలేదు. అన్నిటికన్నా అదే కష్టమైంది.

మూడో రోజుకి దానిమీద మైనంలాంటి పొర కట్టింది. కుళ్ళిపోతోందనుకుని తొట్టె మీదికి వంగి వాసన చూశాను. సముద్రం వాసనే. దెబ్బ తిన్నాక అలా పొర కట్టి వదిలించుకుంటుందని నీ నోట్సులోనే ఉంది, మూడో పేజీలో. ఆరో రోజున ఆ పొర పీలికలై ఊడింది. కింద చర్మం లేతగా ఉంది, పూలు మాత్రం లేవు. నిన్న నువ్వు గుచ్చి గుచ్చి అడిగితే చెప్పింది ఆ సంగతే. అంతవరకూ నీకు చెప్పే ధైర్యం లేకపోయింది.

ఇవాళ పొద్దున కాఫీ గ్లాసుతో తొట్టె ముందు కూర్చున్నాను. అంచున నాలుగు పూలు. కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ లెక్కపెడితే పదకొండు. ఒక్కోదానికి ఎనిమిదేసి వేళ్ళు. ఎడమ పక్క రూపాయి బిళ్ళంత నల్లమచ్చ ఉంది. అది మానుతుందో పెరుగుతుందో నాకు తెలియదు. తెలియనిది తెలిసినట్టు నీకు రాయను.

పక్కింటి సంపూర్ణమ్మ నాతో మాట్లాడటం లేదు. మొన్న చంద్రగ్రహణానికి ముందు దర్భలు పట్టుకొచ్చి, నిలవనీళ్ళలో వెయ్యండి పంతులమ్మగారూ, లేకపోతే పొద్దున్నే అన్నీ పారబోసుకోవాలండి అంది. భూమి నీడ చంద్రుడి మీద పడితే మా బిందెలో నీళ్ళెందుకు చెడతాయండీ అని ముప్పై నాలుగేళ్ళ పాఠం ఇంకోసారి చెప్పి పంపేశాను.

మందులు వేళకి వేసుకో. ఎడమ పక్కకి తిరిగి పడుకో. బిడ్డ కదులుతోందో లేదో రోజూ ఫోను చేసి చెప్పు. ఫోను బిల్లు గురించి విశ్వనాథ్ ఏమన్నా అంటే నా పేరు చెప్పు.

ఇట్లు,
మీ అమ్మమ్మ,
మాణిక్యాంబ

తా.క.: కరెంటు పోలేదు. పదో తారీఖు నేను లేచేసరికి గ్రహణం విడిచి చాలాసేపయింది. కాఫీకి నీళ్ళు ముంచబోతే నువ్వు గుర్తొచ్చావు. పోయిన రెండుసార్లూ ఎందుకలా అయిందో డాక్టర్లే చెప్పలేకపోయారు. ఇక నాకేం తెలుసు? బిందెలు పారబోశాను. గంగాళం పారబోశాను. అయినా మనసు ఊరుకోలేదు. తొట్టెలో నీళ్ళు ముప్పాతిక తోడేసి, డాబా మీద మంచులో ఉన్న రెండు డబ్బాల సముద్రపు నీళ్ళూ దింపించి పోశాను. థర్మామీటరు ఇరవై చూపించాక గాని నేను సైన్సు టీచర్నన్న సంగతి జ్ఞాపకం రాలేదు. దాన్ని చలిలో ముంచిన చెయ్యి నాది, నీది కాదు. నీ దగ్గర ఏదీ నిలవదన్న ఆ మాట ఇంకెప్పుడూ అనకు. సంపూర్ణమ్మకి మాత్రం ఇది తెలియకూడదు.

డబ్బాలు ఖాళీ అయిపోయాయి. మీ తాతాజీ మామయ్య ఇరవై ఎనిమిదిన విశాఖ వస్తున్నాడు. ఈలోగా విశ్వనాథ్ చేత రెండు డబ్బాల సముద్రపు నీళ్ళు పట్టించి ఉంచు, వాడు తిరిగొచ్చేటప్పుడు తెస్తాడు. పడవలు ఆగేచోట వద్దు, నూనె తేలుతుంది. పాత పంచెలో వడగట్టమను. రాత్రి వరండాలో పెట్టకుండా, వంటింట్లో పొయ్యి గట్టు కింద పెట్టించు.