పుంజు దొరికితేనే పుట్టి

అమ్మా సుగుణా,

సంగటి పొయ్యి పక్కన ఉంది. పిల్లకు పెట్టి నువ్వూ తిను.

ఏరు దాటేదానికి లంకలో ఉన్న ఒక్క పుట్టి నేను తీసుకుపోతాండాను. నిన్న చర్చిలో కోతపండుగలో నీ మొగుడు నన్నడగకుండా నా పుంజును కానుకని వేలం పెట్టినాడు. అడిగితే, “దేవునికిచ్చింది మళ్లీ అడగగూడదు నాయనా” అంటాడు. ఇయ్యాలంటే తన గొడుగు లేదా?

పాడుకున్న ఎమ్మిగనూరు దానియేలు ఈ పొద్దు దాన్ని కోసి అవతలి గట్టున పాస్టరయ్యకు, అదే నీ మొగునికి, విందు పెడతాడంట. ప్రభువు నీళ్ల మీద నడిచినాడు కదా, తన సేవకుణ్ణీ నడిచి పొమ్మను.

నా కంబళి ఇచ్చి పుంజును విడిపించుకుంటా. అది దొరక్కపోతే పుట్టి ఆ గట్టుననే ఉంటుంది.

మీ మామ

పుంజును కమ్మే గంప కడిగి ఎండలో పెట్టు.