ఉమ్మడి గోడ పక్క మెట్లు

చిలకలూరిపేట మెయిన్ బజారులో పరుపుల కొట్టు నడిపిన గఫూర్ సాహెబు భార్యను, దూదేకుల ఖాజాబీ అనే నేను, డెబ్బై ఎనిమిదో ఏట, మోకాళ్ళు తప్ప అన్నీ సవ్యంగా ఉండగా, ఎవరి బలవంతమూ లేకుండా రాయించిన వీలునామా ఇది. నాకు మతి తప్పిందని మా అబ్బాయి అయూబ్ అనొచ్చు. పోయినవారం నాకు తడి దూది అంటగట్టబోయినవాణ్ణి అడగమనండి, చెబుతాడు.

1. ఆస్తి వివరం: పెళ్ళినాడు నాకిస్తానని ఒప్పుకున్న మహర్ కింద మా ఆయన నా పేర రిజిస్టరు చేయించిన రెండంతస్తుల కొట్టు. మొదట తాటాకు పాక, తర్వాత రేకులు. డెబ్బై ఏడు తుఫానుకి రేకులు ఎగిరి ఎవరి చేలో పడ్డాయో అల్లాకే తెలియాలి. ఆ తర్వాతే స్లాబు వేశాం. ఎదుటి సోడా కొట్టు ఎస్టీడీ బూతై, ఇప్పుడు ఏటీఎం అయింది. దాని పక్క పత్తి కమీషను కొట్టులో ఇప్పుడు చీరలమ్ముతున్నారు. మా వరసలో పని మారని కొట్లు రెండే: మాదీ, ఉమ్మడి గోడ అవతల టైలరు ఏసోబుదీ.

2. నా పిల్లలు అయూబ్, ఫర్హానాల వాటాలు మా ధర్మంలో ముందే రాసిపెట్టి ఉన్నాయి. వాటి జోలికి నేను పోను. బయటివాళ్ళకి మూడో వంతు దాటకుండా ఇచ్చే హక్కు మాత్రం నాకుంది. ఈ కాగితం అందుకే.

3. ఇరవై రెండేళ్ళ కిందట రోడ్డు వెడల్పు చేసినప్పుడు ఏసోబు కొట్టు ముందుభాగం, దాంతోపాటు మేడ మెట్లూ పోయాయి. మిగిలిన జాగాలో మెట్లకి చోటు లేదు. మిషన్లేమో మేడ మీద. మా ఆయన మన మెట్లు వాడుకో ఏసోబన్నా అని, పైన ఉమ్మడి గోడకి గుమ్మం కొట్టించాడు. కాగితం లేదు, నోటి మాటే. జనం దుమ్ము చెప్పులతో నా దూది పక్కనుంచి ఎక్కుతున్నారని నేను మెట్ల తలుపుకి తాళం వేశాను. మూడు రోజులు తియ్యలేదు. మూడో రోజు ఏసోబు వీధిలోంచి నిచ్చెనేసుకుని ఎక్కుతూ పడ్డాడు. మిషను తొక్కే కాలు మళ్ళీ వంగలేదు. ఆయన కూతురు హెలెన్ కాలేజీ మానేసి మిషనెక్కింది.

ఇలాంటివి వీలునామాలో ఎందుకమ్మా అంటున్నారు లేఖరిగారు. రాయండి అన్నాను. తప్పు నాది. ఏసోబన్న బతికుండగా ఆ ముక్క నా నోట రాలేదు. ఆయన మాత్రం పోయేదాకా ప్రతి రంజానుకీ నాకు రవిక కుట్టి పంపాడు. నా కొలత నన్నడక్కుండానే సరిపోయేది!

4. కొట్టుని సెల్‌ఫోన్ల షోరూముకి అమ్మాలనీ, వాళ్ళు మెట్లు పగలగొట్టమన్నారనీ అయూబ్ అంటున్నాడు. ఒరేయ్ అయూబూ, అమ్ముకో, నేను అడ్డం రాను. కానీ మెట్లు పోతే హెలెన్ షాపు గాల్లో వేలాడుతుంది. కాబట్టి ఆ మెట్లు, వాటి కింద నేల, వీధి దాకా నడవ, పై గుమ్మం సర్వహక్కులతో ఏసోబు కూతురు హెలెన్‌కి రాసిస్తున్నాను. ఇవన్నీ కలిపినా మూడో వంతులో సగం కూడా కాదు, కొలిపించాను. అమలు చేయించే బాధ్యత ఫర్హానాది. అన్న అరిస్తే అది బెదరదు.

5. దూది ఏకే మీ నాన్న విల్లు అయూబ్‌కి. షోరూములో తగిలించినా సరే, పాత సామానులో మాత్రం వెయ్యకు నాయనా. నా నీలం బొంత ఫర్హానాకి. ఆనాడు మెట్ల తలుపుకి వేసిన తాళమూ చెవీ హెలెన్‌కి, ఏం చేసుకుంటుందో దాని ఇష్టం.

6. పోయాక నా ఒంటికి చుట్టే కఫన్ గుడ్డకి కుట్టుండదు. అయినా దాన్ని కొలిచి కత్తిరించవలసింది హెలెనే, వాళ్ళ నాన్న కత్తెరతో. హెలెనమ్మా, ఆ గుడ్డ పట్టుకుని నీ మెట్ల మీదుగా దిగి రా. అంతవరకు నన్ను లేపొద్దని మావాళ్ళకి చెప్పాను.

చదివించుకుని విని, సరేననుకుని చేసిన సంతకం: దూదేకుల ఖాజాబీ
చిలకలూరిపేట, 2025 ఫిబ్రవరి 11

సాక్షులు: 1. నసీమున్నీసా, ఉర్దూ టీచరు
2. బాపయ్య, స్లాబు వేసిన మేస్త్రి