అమ్మ చేతి హాపిన్ జాన్

డిసెంబర్ 29

అన్నయ్య థాడియస్ అట్లాంటా నుంచి ఫోన్ చేశాడు. జనవరి ఒకటికి అందరూ ఇక్కడికే, అమ్మ ఇంటికే వస్తారట. అమ్మ పోయాక ఇదే మొదటిసారి కదా వెర్నీస్, హాపిన్ జాన్ సంగతేంటి, మా వెల్మాని వండమననా, నీకెందుకు శ్రమ అన్నాడు. ఏడాదంతా కలిసిరావాలని ఆ రోజు మా ఇళ్ళల్లో తినే బొబ్బర్ల అన్నం అది. డబ్బా మూత తీసి బొబ్బర్లు గిన్నెలోకి ఒంపడమే మా వదినకి వంటంటే. నేనే వండుతానన్నాను. సరేలే, ఏదో ఒకటి కానియ్ అన్నాడు.

ఏదో ఒకటట.

డిసెంబర్ 30

ఎవరికీ చెప్పని మాట ఇక్కడైనా రాసుకుంటాను. పక్షవాతం వచ్చాక అమ్మ నాలుక్కి రుచి పోయింది. ఉప్పేదో పంచదారేదో తెలిసేది కాదు. అప్పటి నుంచీ ప్రతి ఏడూ వండింది నేను. బయట కారు ఆగిన చప్పుడు వినగానే గరిటె అమ్మ చేతికిచ్చి పక్కకు తప్పుకునేదాన్ని. వచ్చినవాళ్ళు నీ చేతిలో ఏం మహిమ ఉందే అమ్మా అంటూ ఆ చేతులు ముద్దు పెట్టుకునేవారు. నాకు ఒళ్ళు మండేది. వాళ్ళకి చెప్పావో చూడు అని అమ్మ ఒకసారి అంది. నోరు మూసుకున్నాను.

ఈసారి గరిటె నా చేతిలోనే ఉంటుంది. బాగుందే అని ఒక్కరు నా మొహం చూసి అంటే చాలు.

డిసెంబర్ 31

బొబ్బర్లు నానబోశాను.

జనవరి 1, ఉదయం

పొగబెట్టిన పంది కాలు ముందు ఉడికించాను. ఆ నీళ్ళలోనే బొబ్బర్లు, ఆ నీళ్ళలోనే బియ్యం. రుచి చూశాను. అచ్చం నిరుడు చేసినట్టే కుదిరింది. ఏడాది మొదటి రోజున గుమ్మం ముందుగా మగవాడే దాటాలని మా వాళ్ళ నమ్మకం కనుక, అన్నయ్య లోపలికి వచ్చేదాకా ఆడవాళ్ళు కార్లోనే వణుకుతూ కూర్చున్నారు.

జనవరి 1, మధ్యాహ్నం

బాగానే ఉందిలే గానీ అమ్మ చెయ్యి వేరు అన్నాడు థాడియస్. పాపం కష్టపడింది, అయినా అది పుట్టుకతో రావాలి అంది వెల్మా. ఇడెల్లా పెద్దమ్మ ప్లేటు పక్కకు నెట్టి కళ్ళు తుడుచుకుంది. ఆ రుచి నా చెల్లెలితోనే పోయిందమ్మా అంది.

చెప్పేశాను. ఇన్నేళ్ళూ మీరు తిన్నది నా వంటే అన్నాను.

గరిటె అమ్మ చేతిలో ఉండటం నా కళ్ళతో చూశానే అని థాడియస్ నవ్వాడు. మరి ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదని వెల్మా అడిగింది. అమ్మ వద్దంది అన్నాను. ఆవిడొచ్చి సాక్ష్యం చెప్పదుగా అంది. పెద్దమ్మ మాత్రం నవ్వలేదు. సమాధి మీద మట్టైనా ఆరలేదు, అప్పుడే దాని పేరు లాక్కుంటున్నావా, సిగ్గులేదూ అంది. అది విని థాడియస్ నాకేసి చూడటం మానేశాడు.

వెళ్ళేటప్పుడు ముగ్గురూ డబ్బాల నిండా పెట్టుకెళ్ళారు. అమ్మ జ్ఞాపకంగా అట. నాకు మెతుకు మిగల్లేదు.

జనవరి 1, సాయంత్రం

ఈ రోజు ఎవరి బట్టలు ఉతికితే వాళ్ళు ఆ నీళ్ళతో ఇంట్లోంచి కొట్టుకుపోతారని మా వాళ్ళెవరూ మెషీన్ ముట్టరు.

ఇప్పుడే ఒక లోడ్ వేశాను. అన్నీ నా బట్టలే.