మీ అక్కని అడిగావా?

అక్కా,

ఒళ్లు మండిపోతుంటే రాస్తున్నాను, ఏమీ అనుకోకు. పరిశోధనలో చేరి మూడు వారాలైంది. వినపడని పిల్లలకు నోటిమాట నేర్పే బడుల మీద నా పని అని నీకు చెప్పానుగా. ఆ పిల్లల తల్లిదండ్రులను అడగాల్సిన ప్రశ్నలన్నీ సిద్ధం చేసుకున్నాను. మా గైడు మేడమ్ మాత్రం ముందు ఈ బడుల మీద నీ నమ్మకాలేమిటో ఒక పేజీ రాసుకురా, అప్పటిదాకా ఎవరి గడపా తొక్కనివ్వను అంది. నా నమ్మకాలతో ఆవిడకేం పని? నేనేమైనా ఓట్లు అడగడానికి వెళ్తున్నానా?

సరే, రాశాను. రెండుసార్లు తిప్పి పంపింది. అవి పుస్తకాల్లో చదివినవట, నావి కావట. మూడోసారి పంతం పట్టి, వినపడని మా అక్క అంటూ నీ గురించే రాశాను. చేతి సైగలు అలవాటైతే ఇక నోరు పెగలదని మన ఇంట్లో అందరికీ తెలుసని రాశాను. అన్నం దగ్గర నువ్వు చేతులు ఆడిస్తే నేనే గట్టిగా పట్టుకుని ఆపేదాన్నని, అందుకే ఈరోజు నువ్వు అందరితో మాట్లాడుతూ ప్రెస్సులో ప్రూఫులు దిద్దే ఉద్యోగం చేస్తున్నావని రాశాను. రాస్తుంటే గర్వంగా కూడా అనిపించింది. ఆవిడ అంతా చదివి, అడుగున ఎర్ర సిరాతో ఒక్క ముక్క గీకి చేతిలో పెట్టింది: "మీ అక్కని అడిగావా?"

నిన్ను నేను అడగాలా? ఒకే మంచం మీద పడుకుని పెరిగినవాళ్లం. నీ సంగతి నాకు తెలియదనడానికి ఆవిడెవరు? గైడుని మార్చమని దరఖాస్తు రాసిపెట్టుకున్నాను. నోటిమాటే నీకు మేలు చేసిందని ఒక్క వాక్యం రాసి పంపు. అది ఆవిడ బల్ల మీద పడేసి మరీ దరఖాస్తు ఇస్తాను.

నీ చెల్లి


చెల్లీ,

నువ్వడిగిన వాక్యం నేను రాయలేను.

ఇంట్లో మీరు మాట్లాడుకునేది నాకు సగం కూడా అందదు. పెదాలు చూసీ చూసీ కళ్లు లాగేస్తాయి. మీరు నవ్వితే నేనూ నవ్వుతాను. ఏమిటని అడిగితే, ఏం లేదులే, తర్వాత చెబుతా అంటావు. ఇరవై ఏళ్లయినా ఆ ‘తర్వాత’ రాలేదు. ప్రెస్సులో నాలాంటివాళ్లు ఇంకో ఇద్దరున్నారు. మధ్యాహ్నం చేతులతో కబుర్లాడుకుంటాం. కడుపు నొప్పి పుట్టేలా నేను నవ్వేది అక్కడే.

నా చేతులు పట్టి ఆపినప్పుడల్లా, చిన్నపిల్లవి కదా అని నీ మీద కోపం దిగమింగాను. ఇప్పుడు చిన్నపిల్లవి కావు. అయినా దాన్ని గర్వంగా రాసుకున్నావు చూడు, దానికి మాత్రం నిన్ను క్షమించబుద్ధి కావడం లేదు.

గైడుని మార్చకు. మొదటి ఇంటర్వ్యూ నాతోనే చెయ్యి. నోటితో ఒక్క మాటా చెప్పను. సైగలు నేర్చుకుని రా, ఎన్నాళ్లు పట్టినా సరే.

వచ్చాక నీ ప్రశ్నలకంటే ముందు నాదొకటి ఉంది. నాన్న పోయే ముందు రోజు నన్ను పక్కన కూర్చోబెట్టుకుని చాలాసేపు మాట్లాడాడు. గడ్డం పెరిగి పెదాలు కనపడలేదు. అందరూ చూస్తున్నారని తల ఊపాను. నువ్వు అక్కడే ఉన్నావు. ఆయన నాతో ఏమన్నాడో చెప్పు.

అక్క